మొగలిపూల దారి కేసు

మా ఇంట్లో నాకు ముందు కోర్టు మెట్లెక్కినవాళ్ళు లేరు. మా వాళ్ళది ఒడిశా బరంపురంలో చింతపండు, ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు. తాత, నాన్న, అన్నలు అందరూ ఆ కొట్లో తుమ్ముకుంటూనే పెద్దవాళ్ళయ్యారు. నన్ను లా కాలేజీలో చేర్పించింది చదువు మీద ప్రేమతో కాదు, ఇంట్లో నా నోటికి ఎవరూ తట్టుకోలేక. "ఈ వాగుడేదో బయటికెల్లి వాగితే ఫీజైనా ఇస్తారు గదే" అన్నాడు నాన్న. అన్నలు ఒక్కమాట అడ్డు చెప్పలేదు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా సీనియరు ఒడియా ఆయన. చేతిలో ఎప్పుడూ పాన్ డబ్బా, నోట్లో ఎప్పుడూ పాన్. సాక్షికి అడ్డప్రశ్నలు వెయ్యడంలో బరంపురం కోర్టులో ఆయన్ని మించినవాళ్ళు లేరని చెప్పుకునేవాళ్ళు. ఆయన నాకు నేర్పింది ఒకే ఒక్క విద్య. "సాక్షి చేత అవును అనిపించు, లేదా కాదు అనిపించు. ఆ రెండు మాటలు దాటనివ్వకు. మూడో మాట మాట్లాడిందంటే అది అవతలివాళ్ళకే పనికొస్తుంది" అనేవాడు. నేను ఆ విద్యను ఎంత శ్రద్ధగా నేర్చుకున్నానంటే, కోటు విప్పాక కూడా అది ఒంటికి అంటుకునే ఉండేది.

ఇంట్లో నా భర్తని "పాలు పొంగించింది మీరా, కాదా?" అని అడిగేదాన్ని. ఆయనా కొట్టు నడిపే మనిషే, నెమ్మదస్తుడు, నవ్వి ఊరుకునేవాడు. మా అత్తగారు ఊరుకునే రకం కాదు. ఒకరోజు పప్పులో ఉప్పు రెండోసారి వేశారా లేదా, అవునా కాదా అని అడిగితే గరిట కింద పెట్టేసి, "ఓలమ్మ, నానేటైనా కూనీ సేసినానేటే? బోనెక్కించు మరి!" అంది. ఆ రోజు ఉప్పు పప్పే తిన్నాం. ఉప్పు ఎవరు వేశారో ఇప్పటికీ తేలలేదు.

నాకు పేరు తెచ్చిన కేసు మొగలిపూల దారి కేసు. దాని గురించి చెప్పాలంటే ముందు మా గంజాం జిల్లా మొగలి గురించి చెప్పాలి. ఇక్కడ పొలాల గట్ల మీద, ఇసక నేలల్లో మొగలి పొదలు పెరుగుతాయి. వానాకాలంలో పూస్తాయి. ఆ పువ్వు తెల్లవారకముందే కోసి, ఎండ పడకముందే అత్తరు బట్టీకి చేర్చాలి. పొద్దెక్కే కొద్దీ వాసన పోతుంది. వాసన పోయిన పువ్వుని బట్టీవాడు ముట్టుకోడు.

గిరిసోల దగ్గర, ఆంధ్రా సరిహద్దుకి ఇవతల ఒక చిన్న పేట ఉంది. తెలుగు రైతు కూలీల ఇళ్ళు. ఆ పేట ఆడవాళ్ళు వానాకాలమంతా మొగలిపూలు కోసి హైవే మీదున్న బట్టీకి మోసేవాళ్ళు. పేటకీ హైవేకీ మధ్య ఒక భూస్వామి జీడితోట. తోటలోంచి నడిస్తే పావుగంటలో బట్టీ. తోట చుట్టూ తిరిగితే కాలవ గట్టు, బురద గట్లు, రైలు పట్టాల పక్క దారి, ముప్పావుగంట పైనే. వాళ్ళ అత్తలు, అత్తల అత్తలు కూడా తోటలోంచే నడిచారు. ఎవరూ ఏమీ అనలేదు.

తోట యజమాని తల్లి పోయింది. ఆ ఏడాదే కొడుకు తోట చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. జీడిగింజలు పోతున్నాయని ఒక సాకు చెప్పాడు. పేటవాళ్ళు దారి హక్కు మాదే అని కోర్టుకెళ్ళారు. యజమాని నా దగ్గరకొచ్చాడు. నాకప్పుడు పట్టుమని పది కేసులు లేవు. వచ్చిన కేసుని కళ్ళకద్దుకుని తీసుకున్నాను.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇరవయ్యేళ్ళ పైన ఎవరినీ అడక్కుండా, ఇది మా హక్కు అన్నట్టు ఒక దారిలో నడిస్తే అది వాళ్ళ హక్కవుతుంది. కానీ యజమాని అనుమతి తీసుకుని నడిస్తే వందేళ్ళు నడిచినా హక్కు రాదు. అనుమతి ఇచ్చినవాడు ఎప్పుడైనా వద్దనొచ్చు. అంటే నేను గెలవాలంటే, వాళ్ళు అడిగి నడిచారని ఒక్కరి చేత ఒప్పిస్తే చాలు.

దానికి దొరికింది నాకు వాళ్ళ మర్యాదే. ఆ పేటలో ఒక ఆనవాయితీ ఉండేది. ఏటా పూలకాలం మొదలైన రోజు, కోసిన మొదటి పువ్వుని బట్టీకి పట్టుకెళ్ళరు. యజమాని ఇంటికి తీసుకెళ్ళి, ఆయన తల్లి చేతిలో పెట్టి, "అమ్మా, ఎల్తన్నాం" అని చెప్పి అప్పుడు తోటలోకి దిగుతారు. ఆవిడ ఆ పువ్వు రేకులు విడదీసి పట్టుచీరల పెట్టెలో పెట్టుకునేది. యజమాని ఈ సంగతి నాకు మాటల సందర్భంలో చెప్పాడు. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

పేట తరపున సాక్షిగా వచ్చింది ఒక నలభై దాటిన ఆమె. నల్లగా, బక్కగా, చేతులనిండా మొగలి ముళ్ళ గీతలు. కూలి మానుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నేను లేచాను.

"ఏటా మొదటి పువ్వు తోట యజమాని ఇంట్లో ఇస్తారు కదా?"

"ఇస్తాం."

"ఇచ్చి, 'అమ్మా, ఎల్తన్నాం' అని చెప్పాకే తోటలోకి వెళ్తారు కదా?"

"సెప్పకండా ఎలాగెల్తామమ్మా? పెద్దోరింటి తోట..."

"అవునా, కాదా? అంతే చెప్పు."

"అవును. గానీ ఆయమ్మ..."

ఆమె మొహంలో ఏదో వెలిగింది. చెప్పదలుచుకున్న మాట నోటిదాకా వచ్చిన మనిషి మొహం అలాగే ఉంటుంది. నా సీనియరు నేర్పిన మూడో మాట అదేనని నాకు అర్థమైపోయింది.

"చాలు. ప్రశ్నలు లేవు" అని కూర్చున్నాను.

ఆమె నోరు అలాగే తెరిచి ఉంది. జడ్జిగారి వైపు చూడలేదు, నా వైపే చూసింది. వాళ్ళ వకీలు లేచి ఆ మాటేదో అడగొచ్చు. ఆయన అడగలేదు, ఒళ్ళో పేపరు చదువుకుంటున్నాడు. ఆమె చీర కొంగుతో మూతి తుడుచుకుని బోను దిగిపోయింది. మొదటి పువ్వు ఇవ్వడమంటే అనుమతి అడగడమేనని, అనుమతితో నడిచిన దారి హక్కు కాదని తీర్పొచ్చింది. నేను గెలిచాను.

ఆ రోజు నాకు బాధేసిందని ఇప్పుడు రాస్తే అబద్ధం. కోర్టు బయట మా సీనియరు నా చేతిలో ఒక పాన్ పెట్టాడు. అది ఆయన ఎవరికీ పెట్టడు. ఇంటికొచ్చి అత్తగారికి మొత్తం కేసు నటించి చూపించాను. యజమాని గంపెడు పనసకాయలు పంపి, కనపడ్డ ప్రతివాడికీ "ఒక్క పెస్నతో గెలిసింది మా వకీలమ్మ" అని చెప్పుకున్నాడు. ఆ పనసకాయలు మా వీధంతా తిన్నది. ఆ తర్వాత నాకు కేసుల కరువు లేదు.

పదిహేనేళ్ళు అలా గడిచాయి. ఈలోగా మా వార్డు కాలవలు, రేషను కార్డులు, పింఛన్లు అన్నీ నా వరండాకి వచ్చి చేరడం మొదలుపెట్టాయి. ఆఫీసర్లతో పోట్లాడటం నాకు కోర్టు కన్నా సరదాగా ఉండేది. ఒక పార్టీవాళ్ళు ఇది గమనించారు. తెలుగూ ఒడియా రెండూ దబాయించి మాట్లాడగలిగే ఆడమనిషి వాళ్ళకి కావలసి వచ్చింది. అసెంబ్లీ టికెట్టిచ్చారు. నా భర్తని ఏమంటారని అడిగితే, "ఇంట్లో నీ మీద పోటీకి ఎవలూ నిలబడనేదు. బయటెవలు నిలబడతారో సూద్దాం" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన ఆడిన అతి పెద్ద మాట అది.

ప్రచారం బాగానే సాగింది. ఒక ఊళ్ళో ఒడియాలో దీదీ అనిపించుకుని, పక్క ఊళ్ళో తెలుగులో వకీలమ్మా అనిపించుకుని, మెడలో బంతిపూల దండల దురదతో తిరిగాను. చివరి వారంలో జీపు గిరిసోల వైపు మళ్ళింది. ఆ పేట నా నియోజకవర్గంలోనే ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదంటే మీరు నమ్మరు. నేను కూడా నమ్మను. తెలిసే మర్చిపోయి ఉంటాను.

పేటలో జనం మూగారు. నేను రోడ్లు, నీళ్ళు, కరెంటు అని నా మామూలు పాట పాడాను. అందరూ తలలూపారు. అప్పుడు వెనక నుంచి ఒకామె ముందుకొచ్చింది. జుట్టు నెరిసింది, చేతుల మీద ముళ్ళ గీతలు అలాగే ఉన్నాయి. నేను గుర్తుపట్టాను. మైకు కిందికి దించాను.

"వకీలమ్మా, నన్ను గుర్తెట్టినావా?"

"పట్టాను అప్పా." మా వైపు అక్కలాంటి ఆమెని అప్పా అనే పిలుస్తాం.

"ఒక్కటే పెస్న. మా దారి మాకిప్పిత్తావా?"

"చూడప్పా, అది కోర్టు తీర్పు అయిపోయింది కదా, దానికి చాలా..."

"అవునా, కాదా? అంతే సెప్పు."

జనం గొల్లున నవ్వారు. మా పార్టీ కార్యకర్తలు కూడా నవ్వారు, వాళ్ళకి సంగతి తెలియకపోయినా. నా మాటని మాట తేడా లేకుండా పదిహేనేళ్ళు దాచుకుని నాకే అప్పగించింది. నేను కార్యకర్తల వైపు చూశాను. ఆమె చూపు మాత్రం కదల్లేదు. చివరికి నా నోట్లోంచి "అవును" అని వచ్చింది. మరో మాట జోడించబోతే, "సాలు" అని వెళ్ళిపోయింది.

బొటాబొటి మెజారిటీతో గెలిచాను. కోర్టులో నల్లకోటు విప్పి, నేతచీర కట్టుకుని భువనేశ్వర్ రైలెక్కాను. హుమ్మ దగ్గర ఉప్పు మడులు, ఖల్లికోట దాటాక చిలికా సరస్సు నీళ్ళు చూస్తూ, అసెంబ్లీలో నా మొదటి ప్రసంగాన్ని కిటికీకి వినిపించుకుంటూ వెళ్ళాను. పక్క సీటాయన దూరంగా జరిగి కూర్చున్నాడు.

అసెంబ్లీలో నా విద్య పనిచెయ్యదని మొదటి వారంలోనే తెలిసిపోయింది. అక్కడ ఎవరూ అవుననరు, కాదనరు. ఏదడిగినా "పరిశీలనలో ఉంది" అంటారు. నాకు చేతులు దురదపెట్టేవి. ఒక్క గంట బోనెక్కించి నా ఎదురుగా నిలబెట్టండి, పరిశీలనంతా బయటికి లాగుతాను అని పక్కన కూర్చున్న ఇంకో సభ్యురాలితో అన్నాను. ఆమె నవ్వి, "కొత్తలో అందరికీ అలాగే ఉంటుంది" అంది.

పేట దారి గురించి మాత్రం ఆలస్యం చెయ్యలేదు. ఎందుకంటే ఆ పేట నుంచి ఎవరొచ్చినా, పింఛను కోసం వచ్చినా, కాన్పు సాయం కోసం వచ్చినా, వెళ్ళేటప్పుడు "వకీలమ్మ అవునందిగదా" అని ఒకళ్ళతో ఒకళ్ళు అనుకుంటూ నాకు వినపడేలా మెట్లు దిగేవాళ్ళు. దానికి తోడు కొత్త కబురొకటి వచ్చింది. పేట పూలు ఆలస్యంగా, వాడిపోయి వస్తున్నాయని, ఈ వానాకాలం కూడా ఇలాగే ఉంటే వచ్చే ఏడు నుంచి పక్క ఊరి పూలే తీసుకుంటానని బట్టీవాడు తేల్చి చెప్పాడట. వానాకాలంలో ఆ ఆడవాళ్ళకి ఉన్న పనల్లా అదే. అది పోతే వలస పోవడమే.

ముందు రెవెన్యూ ఆఫీసుకెళ్ళాను. ఆ ఆఫీసరు నాకు టీ తెప్పించి, బీరువా తెరిచి, పాత తీర్పు కాపీ బల్ల మీద పెట్టి, ఒడియావాళ్ళు పెద్దల్ని పిలిచే పిలుపుతో మొదలుపెట్టాడు. "ఆజ్ఞా, మేడమ్, ఇది చూడండి. వకీలు ఎవరో గానీ వాదన చాలా గట్టిది. దీన్ని దాటి మేమేం చెయ్యగలం?" అన్నాడు. ఆయన వెటకారంగా అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియలేదు. తీర్పు మొదటి పేజీలోనే నా పేరుంది. టీ చల్లారింది, తాగలేదు.

తర్వాత అసెంబ్లీలో అడిగాను. ఆ దారి ప్రైవేటు ఆస్తి అని, కోర్టు ఎప్పుడో తేల్చిందని జవాబొచ్చింది. ఎదురు బెంచీల నుంచి ఒక పెద్దాయన లేచి, "తేల్పించిన వకీలెవరో గౌరవ సభ్యురాలికి తెలిసే ఉంటుంది" అన్నాడు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. తిరుగు రైల్లో మాత్రం చిలికా వైపు చూడలేదు.

ఇక మిగిలింది యజమాని. ఆయనిప్పుడు ముసలివాడు, మోకాళ్ళ నొప్పులు. నన్ను చూసి సంబరపడ్డాడు, పనసతొనలు పెట్టించాడు. తోటలో ఒక పక్కగా బండి పట్టేంత దారి పంచాయతీకి రాసివ్వమని అడిగాను.

"ఏటమ్మా, నువ్వే గెలిసి పెట్టిన దారి, నువ్వే ఇచ్చీమంతన్నావా?" అన్నాడు.

"అప్పుడు వకీల్ని బాబుగారూ. ఇప్పుడు ఎమ్మెల్యేని."

"మనిసివి ఒక్కదానివే గదమ్మా" అన్నాడు. "అంతగా కావాలంటే మల్లీ కోర్టుకెల్లమను. ఆల్లకి నువ్వు మాత్రం వకీలుగా రాకూడదు. నీకెదురు నాను నిలబడనేను" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు. పనసతొనలు తియ్యగానే ఉన్నాయి. రెండోది ముట్టకుండా లేచాను.

వానలు పడ్డాయి. పూలకాలం మొదలైంది. ఒకరోజు నాకు తిక్క పుట్టింది. ఇన్నాళ్ళూ ఆ దారి గురించి కాగితాల్లోనే చదివాను, ఆ దారీ నడవలేదు, చుట్టు దారీ నడవలేదు. తెల్లారకముందే దూరపు బండిబాటలో జీపు మీద వెళ్ళి పేటలో దిగి, జీపుని బట్టీ దగ్గరికి పంపేసి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. ఆమె నన్ను పైనుంచి కిందదాకా చూసి, "సెప్పులు ఇక్కడొగ్గీ. బురదలో ఉండిపోతాయి" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు.

మొగలి కొయ్యడం అంత తేలిక కాదు. ఆకు అంచులు రంపంలా ఉంటాయి. నేను రెండు పువ్వులు కోసేసరికి నా వేళ్ళు నెత్తురోడాయి. ఆమె ఈలోగా గంప సగం నింపింది. తర్వాత నడక. కాలవ గట్టు మీద జారాను, పొలం గట్టు మీద కూలబడ్డాను. ముందు ఆడవాళ్ళు గంపలతో పరుగులాంటి నడక. రైలు పట్టాల దగ్గరకొచ్చేసరికి ఎండ వచ్చేసింది. కుడిపక్కన, కంచెకి అవతల, జీడితోట నీడగా, చల్లగా, ఖాళీగా ఉంది. లోపల ఒక్క మనిషి లేడు. ఆ తోటని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కంచె మీద కాదు, నా మీద.

బట్టీవాడు ఒక్కో పువ్వూ ముక్కు దగ్గర పెట్టుకుని, సగానికి సగం పక్కకి తోసేశాడు. తోసిన వాటిలో నేను కోసిన రెండూ ఉన్నాయి. ఆడవాళ్ళు గొడవ పెట్టలేదు. అలవాటైపోయింది. ఆమె ఆ తోసేసిన పూలు ఏరి గంపలో వేసుకుంటుంటే నేను పక్కన బట్టీ అరుగు మీద కూర్చున్నాను. అప్పుడడిగాను.

"అప్పా, ఆ రోజు కోర్టులో 'గానీ ఆయమ్మ' అన్నావు. తర్వాత ఏం చెప్పాలనుకున్నావు?"

ఆమె చేతులాగాయి. "ఇన్నాల్లకి అడిగినావా?" అంది. కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

"చెప్పు."

"ఏటుంది సెప్పడానికి. పువ్వు సేతిలో పెట్టి ఎల్తన్నామమ్మా అంటే ఆ పెద్దమ్మగోరు నవ్వీవోరు. 'దారి మీ అత్తల కాలం నుంచీ మీదేనే, నన్నడగడమేటి? పువ్వు మాత్రం నాదే, మానకండి' అనీవోరు. పెతీ ఏడూ అదే మాట. అదే సెప్దామనుకున్నాను. నువ్వు సాలన్నావు."

నేను వకీల్ని. ఆ మాట కోర్టులో పడి ఉంటే ఏమయ్యేదో నాకు వివరించక్కర్లేదు. యజమానురాలే నోరు తెరిచి దారి మీదే అంటే అనుమతి ఎక్కడ? ఆ ఒక్క వాక్యంతో నా కేసు కుప్పకూలేది. ఆ మాట నా రెండడుగుల దూరంలో ఆమె నోట్లో ఉంది. నేను దాన్ని లోపలికి తోసేశాను, పాన్ తిన్నాను, పనసకాయలు పంచాను. నాకు సిగ్గేసింది. బట్టీ అరుగు మీద, మొగలి వాసనలో, జనం చూస్తుండగా ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "బేగి లెగు, మల్లీ అంత దూరం నడవాల" అంది.

నేను పేటకి నడవలేదు. చెప్పులు అక్కడే వదిలేసి, బురద కాళ్ళతోనే జీపెక్కి యజమాని ఇంటికి వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. నా వేళ్ళ నెత్తురు చూసి కంగారుపడ్డాడు. ఆ మాట మీకు తెలుసా, తెలీదా అని అడగబోయాను. నాలుక చివరిదాకా వచ్చిందాన్ని మింగేసి, ఆ అడగడమే వేరేలా అడిగాను.

"బాబుగారూ, మొదటి పువ్వు తీసుకుని మీ అమ్మగారు ఏమనేవారో చెప్పండి."

ఆయన నూనె గిన్నె వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను ఆగాను. నాకు ఆగడం చేతకాదు, ఆ రోజు మాత్రం ఆగాను. చివరికి గుమ్మంలోంచి ఆయన భార్య అంది. "దారి మీదేనే, పువ్వు నాదే అనీవోరు. ఈ ఇంట్లో అందరికీ తెలుసు."

ఆయన తల పైకెత్తలేదు. "ఆ రోజు అది బోనులో నోరు తెరిసింది సూడు, నా పేనం పోయిందనుకున్నాను. నువ్వు సాలన్నావు. ఇంటికొచ్చి నాను అన్నం తిననేదు. దీన్నడుగు" అన్నాడు భార్యని చూపించి.

"తిననేదు" అంది ఆవిడ. తర్వాత లోపలికెళ్ళి ఒక పాత పట్టుచీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మడతల మధ్య మొగలి రేకులు. కాగితంలా ఎండిపోయాయి, ఇంకా కొద్దిగా వాసన ఉంది. "మా అత్తగోరు పోయిన ఏటి ముందు ఏటివి. ఆ కేసు తర్వాత ఈ గుమ్మానికి పువ్వు రానేదు" అంది.

యజమాని నూనె చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాడు. "కాయితం రాయించమ్మా. వేరే ఎవలిసేతా వద్దు. నువ్వే రాయి. నువ్వు రాసింది మల్లీ ఎవడూ ఇప్పనేడు" అన్నాడు.

నా జన్మలో అంత జాగ్రత్తగా రాసిన దానపత్రం లేదు. ప్రతి హద్దూ రాశాను, ప్రతి చెట్టూ రాశాను. కంచె పక్కకి జరిగింది. ఎర్రమట్టి పోసి దారి వేశారు. ప్రారంభానికి రిబ్బను కట్టారు గానీ, నేను కత్తెర పట్టుకునేలోపే గంపలాడవాళ్ళు దాని కింద నుంచి దూరి వెళ్ళిపోయారు. బట్టీకి టైమవుతోందట. ఫోటోలో నేనూ, కత్తెరా, వాళ్ళ వీపులూ ఉన్నాయి. ఆ ఏడు మిగిలిన పూలకాలమంతా బట్టీవాడు ఒక్క గంపా తిరగ్గొట్టలేదు.

తరవాతి వానాకాలం మొదలవగానే నేను వకీలు బుద్ధితో కబురు పంపాను. ఇప్పుడది పంచాయతీ దారి, ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవరికీ పువ్వివ్వొద్దు, రేపెవడైనా మళ్ళీ అనుమతి అంటాడు అని. మర్నాడు పొద్దున్నే మా వరండాలో అర్జీలవాళ్ళ మధ్య ఆమె కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక మొగలిపువ్వు.

"ఓలప్ప, నీ కోర్టు బుద్ధి సచ్చినా పోదు" అంది నన్ను చూడగానే. "మొదటి పువ్వు ఆ ఇంటికిచ్చే ఒచ్చినాం. కోడలమ్మగోరు అత్తగోరి మాటే అన్నారు. ఇది రెండోది."

"ఇది దేనికి?"

"ఆ రోజు నువ్వు సాలన్నావు గానీ, నాను సెప్పడం అవనేదు."

"ఇంకా ఉందా?"

"సేనా ఉంది."

నాకు పదకొండింటికి కలెక్టరాఫీసులో మీటింగు. డ్రైవరు గేటు దగ్గర ఇంజను స్టార్టు చేసి ఉన్నాడు. నా భర్త కొట్టుకి వెళ్తూ వెళ్తూ ఆగి, నా వైపు, గడియారం వైపు చూశాడు. నేను ఆమె ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"చెప్పప్పా."

ఆమె పెళ్ళయి ఆ పేటకి వచ్చిన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అత్త చెయ్యి పట్టుకుని తోటలోంచి మొదటిసారి నడిచిన పొద్దు, పెద్దమ్మగారు తాగిన చుట్ట, పాము కనపడితే తోట లోపల నుంచి కేకేసే పద్ధతి, కేసు కోసం మానుకున్న కూలి, ఓడిపోయి ఇంటికెళ్తే మొగుడన్న మాట, నోట్లో మిగిలిపోయిన వాక్యాన్ని కాలవ గట్టు మీద నడుస్తూ తనకి తానే ఎన్నిసార్లు చెప్పుకుందో అదీ. మా అత్తగారు రెండుసార్లు టీ పంపింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. అర్జీలవాళ్ళు కూడా దగ్గరగా జరిగి విన్నారు. ఎండ వరండా మెట్ల మీంచి లోపలిదాకా వచ్చింది.

చివరికి ఆమె గ్లాసు కింద పెట్టి, చీర కొంగుతో మూతి తుడుచుకుంది. పువ్వు నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు సాలు" అని తనే చెప్పి లేచింది.